మూడో నంబరు ముఖం

సోమవారం పొద్దున పళ్ళు తోముకుని నోట్లో నీళ్ళు పోసుకుంటే, అవి నా మాట వినకుండా ఎడమవైపు నుంచి బయటికి నడిచిపోయాయి. అద్దంలో చూసుకున్నాను. కుడివైపు ముఖం నాదే. ఎడమవైపు మాత్రం తడిపి ఆరేసి క్లిప్పు పెట్టడం మరిచిపోయిన చొక్కాలా వేలాడుతోంది. నవ్వి చూశాను. కుడి బుగ్గ ఒక్కటే పైకి లేచింది. కళ్ళు మూశాను. కుడికన్ను మూసుకుంది. ఎడమకన్ను తెరుచుకునే ఉండి, ఈ వెధవ ఎవడన్నట్టు నన్నే చూస్తోంది.

"ఏమండీ, పొద్దున్నే ఎవరికి కన్ను గీటుతున్నారు?" అంది నా భార్య వెనక నుంచి.

అద్దంలో ఉన్నది నేనొక్కణ్ణే.

ఈ జబ్బు ఇంకెవరికైనా వచ్చి ఉంటే చిన్న విషయం. నాది శవపేటికల దుకాణం. మా దుకాణంలో కర్ర రెండో సరుకు. మొదటి సరుకు నా ముఖం.

నా దగ్గర మూడు ముఖాలు ఉండేవి. ఒకటో నంబరు నిండు వయసులో పోయినవాళ్ళ ఇంటివారికి. కనుబొమలు కాస్త దించి, పెదవుల మీద కొంచెం ప్రశాంతత పూయాలి. రెండో నంబరు ప్రమాదాలకి. దవడ బిగించి తల మెల్లగా అడ్డంగా ఊపాలి. మూడో నంబరు చిన్నపిల్లలు పోయినప్పటిది. అది నా కళాఖండం. కళ్ళలో తడి కనపడాలి, రాలకూడదు. గడ్డం కింద కండరం ఒక్కటే అదరాలి. ఆ కండరాన్ని లొంగదీసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

వెనక పనిగదికీ ముందు దుకాణానికీ మధ్య ఒక పరదా, పరదా ఇవతల ఒక అద్దం. తలుపు గంట మోగగానే సందులోంచి ఓ చూపు చూసి, తగిన నంబరు తగిలించుకుని బయటికి వచ్చేవాణ్ణి. ఆ వెంటనే ఆదరణ మాటలు. నేను మా చర్చిలో సంఘపెద్దని కూడా కదా. ఇది వ్యాపారం కాదు, పరిచర్య అని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి. నలుగురూ నమ్మేవారు. ఐదోవాణ్ణి నేను.

సమాధుల దగ్గర కూడా నాకో పేరుంది. పాస్టరుగారు పాట ఎత్తుకుంటే, మొదటి చరణం అయ్యేలోగా మూత దించి స్క్రూలన్నీ బిగించేస్తాను. ఎవరూ పెట్టె మీద పడి ఏడవడానికి సందు దొరకదు. ఎప్పుడైనా స్క్రూ మొరాయిస్తే పాస్టరుగారి వైపు తిరిగి కన్ను గీటుతాను. ఆయన ఇంకో చరణం ఎత్తుకుంటారు. ఇది మా ఇద్దరికే తెలిసిన ఏర్పాటు.

అలాంటి ముఖం పోయింది.

పరామర్శకి వచ్చిన సంఘస్థుల్లో ఒకాయన ఇది దేవుడు పెట్టిన పరీక్ష అన్నాడు. ఒకావిడ ఫ్యాను కింద పడుకోవడం వల్ల అంది. డాక్టరు ఇద్దరినీ కాదని, ముఖం నరం వాచిందనీ, కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుందనీ చెప్పాడు. నాకు ఆ జవాబు చాల్లేదు. ఇంత పెద్ద మనిషికి ఇంత చిన్న కారణమా? మోకాళ్ళ మీద నిలబడి మనసులోనే గట్టిగా అడిగాను. "ప్రభువా, నీ పనికి వాడుతున్న ముఖమే దొరికిందా నీకు? కాలో చెయ్యో తీసుకోవచ్చుగా! దీని అర్థమేమిటో చెప్పు." ప్రభువు ఏమీ చెప్పలేదు. నా నోట్లోంచి కారిన లాలాజలం చాప మీద పడింది.

రాత్రి మరీ అవమానం. ఎడమ రెప్ప మూతపడదు కనుక, నా భార్య వేలితో రెప్ప కిందికి దించి, దాని మీద ప్లాస్టరు అతికించేది. "ఇంక పడుకోండి" అనేది. పసిపిల్లాడిలా పడుకునేవాణ్ణి. నా మూడు నంబర్లలో దేనికీ లేని మెత్తదనం ఆ వేలిలో ఉందని నాకు తట్టలేదు. ప్లాస్టరు ఊడదీసేటప్పుడు కనుబొమ వెంట్రుకలు పోతున్నాయని మాత్రం సణిగాను.

దుకాణం ముందు భాగం మా బామ్మర్ది చేతికి పోయింది. "బావా, కోపం తెచ్చుకోకు. నువ్వు కన్నీళ్ళు పెట్టుకుంటూ కన్ను కొడుతున్నావు. అయినవాళ్ళం మాకే నవ్వొస్తోంది. వచ్చినవాళ్ళు తంతారు" అన్నాడు. పనిగదిలో కూర్చుని ఉలులు నూరుకోమన్నారు. చేతికి రంపం తగిలి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు.

శనివారం మధ్యాహ్నం గంట మోగింది.

అలవాటు కొద్దీ సందులోంచి చూశాను. ఖాకీ చొక్కా, భుజం మీద తువ్వాలు, బస్సు డ్రైవరు. అతన్ని సంఘంలో చివరి బెంచీ మీద చూసేవాణ్ణి. పన్నెండేళ్ళ కూతురు ఊపిరితిత్తుల జబ్బుతో ఉందని ప్రార్థన చేయించుకునేవాడు. రెండు చేతులూ గాలిలో అంత దూరాన పట్టుకుని కొలత చూపించాడు.

మా బామ్మర్ది మొదలుపెట్టాడు. "టేకు ఉందన్నా. తెల్లరంగుది ఉంది. ఇది చూడండి, లోపలంతా శాటిన్."

డ్రైవరు పెట్టెలోకి చెయ్యి పెట్టి అరచేత్తో అదిమి చూశాడు. "ఇది కాదు."

"పోనీ ఇది?"

అదిమాడు. "ఇదీ కాదు."

"రంగు నచ్చలేదా అన్నా? కర్రా?"

"అది కాదయ్యా. ఇది కాదు, అంతే."

దుకాణంలో ఉన్న చిన్న పెట్టెలన్నీ అయిపోయాయి. మళ్ళీ మొదటి పెట్టె దగ్గరికి వచ్చాడు. మళ్ళీ కాదన్నాడు. ఇంతలో డ్రైవరు అన్నగారు పరుగులాంటి నడకతో లోపలికి వచ్చాడు.

"ఒరేయ్ తమ్ముడూ, ఎంతసేపురా! నాలుగింటికి సమాధి. మీ ఆవిడ పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు. నువ్వొస్తేనే వదుల్తానంటోంది. ఏదో ఒకటి తీసుకుని రా."

"నేను రాను."

"రానంటే? చూడు, నాలుగింటికల్లా నువ్వు రాకపోతే నేనే ఓ పెట్టె పట్టుకుపోయి, మరదల్ని నలుగురం పట్టుకుని లేపి, పని కానిచ్చేస్తాం. తర్వాత నన్ననకు. తండ్రి లేకుండా పోయిందనే మాట దానికెందుకురా?"

డ్రైవరు నేలమీద కూలబడ్డాడు. అన్నగారు ఉండబట్టలేక వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

మా బామ్మర్ది పరదా తోసుకుని లోపలికి వచ్చాడు. వాడి చొక్కా చెమటతో తడిసిపోయింది. "బావా, నావల్ల కాదు. ఏం కావాలో చెప్పడు, పొమ్మంటే పోడు. అలాగని నువ్వు మాత్రం రాకు. నీకు దండం పెడతా."

నేను అద్దం ముందు నిలబడ్డాను. ఇన్నేళ్ళ అనుభవం. ఒక తండ్రి. నాలుగింటిలోగా లేవకపోతే జీవితమంతా లేవలేని తండ్రి. మూడో నంబరు కావాలి. బలమంతా పెట్టాను. కుడివైపు కండరం అదిరింది. ఎడమవైపు వేలాడుతూ ఊరుకుంది. మూడో నంబరు కాస్తా ఒకటిన్నర అయి కూర్చుంది.

అలాగే బయటికి వెళ్ళాను. జుట్టు నిండా రంపపుపొట్టు.

డ్రైవరు తలెత్తాడు. సరిగ్గా అప్పుడే నా కుడి రెప్ప పడింది.

"కన్ను కొడుతున్నావా?" అంటూ లేచాడు. స్టీరింగు తిప్పి తిప్పి కాయలు కాసిన చెయ్యి నా కాలరు మీద పడింది. "నా కూతురు పోయిందయ్యా. నవ్వుతున్నావా నువ్వు?"

"లేదన్నా, పక్షవాతం... ముఖానికి..." అన్నాను. పెదవులు కలవక ఆ మాటలు గాలిగా బయటికి వచ్చాయి. వాటి వెంట ఉమ్మి. మూతపడని ఎడమకన్ను ఎప్పటిలాగే నీళ్ళు కారుస్తోంది.

అతను దగ్గరగా చూశాడు. "ఏడుస్తున్నావా మరి?"

"తెలీదన్నా. ఈ కన్ను నా చేతిలో లేదు."

కాలరు వదిలాడు. నా గడ్డం మీద కారుతున్నది చూశాడు. ఏమీ ఆలోచించకుండా, భుజం మీద తువ్వాలు తీసి నా గడ్డం తుడిచాడు. ఎన్నోసార్లు చేసిన చెయ్యి అది. కింది నుంచి పైకి, నొప్పి పుట్టకుండా.

"ఉడుతకీ ఇలాగే కారేది, చివర్లో" అన్నాడు. ఉడుత అంటే కూతురని అర్థమైంది.

ఇక్కడ నా ఆదరణ ప్రసంగం రావాలి. దాని మొదటి మాట 'ప్రభువు'. నా పెదవులకి ఆ మాట ఆరోజు అందదు. తర్వాతి మాటలూ అంతే. నోరున్నన్నాళ్ళూ తిరుగులేని ప్రసంగం, నోరు సగమయ్యేసరికి చెల్లని చీటీ. చేసేదేమీ లేక అతని పక్కన నేలమీద కూర్చున్నాను. ఎవరి దుఃఖం పక్కనా నోరు మూసుకుని కూర్చున్నవాణ్ణి కాను. ఇప్పుడు కూడా మూసుకుందని చెప్పలేను. సగమే మూసుకుంది.

ఏమీ మాట్లాడకపోతే కళ్ళకి పని దొరుకుతుంది. అతని కుడిచేయి ఒళ్ళో ఉండి గాలిని అదుముతోంది. పెట్టెలన్నిటిలోనూ అదిమినట్టే. ఎక్కడ అదిమాడు? కర్ర మీద కాదు. శాటిన్ మీద కాదు. తల పెట్టే చోట.

"అన్నా, దిండా?" అన్నాను.

అతని చెయ్యి ఆగిపోయింది.

"వెల్లకిలా పడుకోబెడితే దానికి ఊపిరి ఆడదు" అన్నాడు. "చాలా నెలల్నుంచీ అంతే. నా చెయ్యి ఇలా మడిచి పెడితే, దానిమీద ఎత్తుగా పడుకునేది. చెయ్యి తీస్తే లేచిపోయేది. వాళ్ళమ్మ పొద్దున, నేను రాత్రి. మీ పెట్టెలన్నీ చదునుగా ఉన్నాయి. నాకు తెలుసయ్యా. ఊపిరి లేదని తెలుసు. పిచ్చివాణ్ణేం కాదు. అయినా చదునుగా ఎలా పెట్టను?"

స్నేహితుడి సమాధి దగ్గర ప్రభువు ఏడ్చిన సంగతి నేను ఎన్నో పెట్టెల ముందు చెప్పాను. ఇంకాసేపట్లో ఆ స్నేహితుణ్ణి తానే బతికించి లేపబోతున్నాడని తెలిసీ ఎందుకు ఏడ్చాడో నాకు ఎప్పుడూ అంతుపట్టలేదు. అందుకే ఆ చోట గొంతు పెంచి గబగబా దాటేసేవాణ్ణి. తెలిసీ ఏడవడం అంటే ఏమిటో ఒక బస్సు డ్రైవరు నా దుకాణం నేలమీద కూర్చుని చూపించాడు. అన్నీ తెలిసినవాడే. అయినా చదునుగా పెట్టలేడు.

"దిండు ఎత్తు పెడదాం" అన్నాను.

"బావా, లోతు చాలదు. తల ఎత్తు పెడితే మూత పడదు" అన్నాడు బామ్మర్ది.

"మూత మారుద్దాం. ఉబ్బు మూత ఉంది కదా, పెద్ద పెట్టెది. కోసి పెడతాను."

"నువ్వా!" అన్నాడు వాడు. ఆ ఒక్క మాటలో నా వడ్రంగం చరిత్ర అంతా ఉంది.

మా పెట్టెల్లో దిండ్లు పేరుకే దిండ్లు. గుడ్డలో పిడికెడు రంపపుపొట్టు. ఎన్నేళ్ళుగానో ఎవరి తల కింద ఏం పెడుతున్నానో చూసుకోలేదు నేను. మేడ మీద మా ఇల్లు. నా భార్యని కేకేశాను. సంగతి విని, ఆవిడ పైకి వెళ్ళి నా దిండే తెచ్చింది. దూది నిండా దట్టించిన ఎత్తు దిండు.

"ఇంట్లో దాని దిండు ఉంది" అన్నాడు డ్రైవరు తడబడుతూ. "కానీ దాంట్లో ఇంకా దాని వాసన..."

"అది ఇంట్లోనే ఉంచండన్నా" అంది నా భార్య. "తీయకండి."

దిండు ఒక్కటే చాలదు, వీపు కింద వాలు కావాలి. డ్రైవరు పెట్టెలో తన చెయ్యి మడిచి పెట్టాడు. "ఇంత" అన్నాడు. ఆ చేతి వాలుకి పలక కోశాను. కోసి పెడితే ఎక్కువైంది. చెక్కాను. తక్కువైంది. మళ్ళీ కోశాను. అతను విసుక్కోలేదు, చెయ్యి తీయలేదు. మూడోసారి పలక మీద దిండు సర్ది, నెమ్మదిగా చెయ్యి బయటికి లాక్కున్నాడు, నిద్రపోతున్నవాళ్ళని లేపకుండా లాక్కున్నట్టు. కాసేపు చూస్తూ నిలబడ్డాడు.

"లేవదు" అన్నాడు. "పద."

ఉబ్బు మూతకి స్క్రూ రంధ్రాలు నేనే వేశాను. తొందరలో వేశాను. అవి ఎలా వచ్చాయో ఇప్పుడు చెప్పను, కాసేపట్లో మీకే తెలుస్తుంది.

వాళ్ళ ఇంట్లో తల్లి గోడకి ఆనుకుని, ఒళ్ళో పాపతో కూర్చుని ఉంది. ఎత్తుగా, మోచేతి మీద. చుట్టూ నలుగురాడవాళ్ళు లేపడానికి సిద్ధంగా ఉన్నారు. మేము పెట్టె దించాం. ఆవిడ లోపలికి చూసింది. వాలు చూసింది. దిండు చూసింది. భర్త ముఖం చూసింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే చేతులు సడలించింది.

మామూలుగా నేను సమాధుల దొడ్లో పాట ఎత్తుకునేదాకా దూరంగా నీడలో నిలబడేవాణ్ణి, చేతికి గడియారం, ముఖానికి నంబరు. ఆరోజు రెండూ లేవు. పెట్టె పక్కనే నిలబడ్డాను. పాస్టరుగారు పొరుగూరి ప్రార్థన కూటాల నుంచి అప్పుడే దిగి, తిన్నగా అక్కడికే వచ్చారు. నా ముఖం సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. ప్రార్థన అయింది. పాట ఎత్తుకున్నారు. నేను మూత పట్టుకుని ముందుకి వంగాను.

డ్రైవరు పెట్టె మీదికి ఒంగి కూతురితో ఏదో చెబుతున్నాడు. పాత నేనైతే భుజం మీద చెయ్యి వేసి, "చాలన్నా, చాలు" అని మెత్తగా పక్కకి నెట్టేసేవాణ్ణి. మూత పట్టుకుని ఆగాను. చరణం చివరికి వచ్చింది. పాస్టరుగారు నా వైపు చూశారు. నా కుడి రెప్ప పడింది.

ఆయన తల పంకించి రెండో చరణం ఎత్తుకున్నారు.

చరణం అయింది. చూశారు. మనిషన్నాక రెప్ప వేయకుండా ఎంతసేపుంటాడు? మూడోది ఎత్తుకున్నారు. తల్లి కూడా వచ్చి పాప జుట్టు సర్దింది. పాట మొత్తం అయిపోయింది. పాస్టరుగారు ఆశగా నా వైపు చూశారు. నేను చూడకూడదనుకుంటూనే చూశాను. కన్ను గీటాను. ఆయన ఇంకో పాట మొదలుపెట్టారు. డ్రైవరు అన్నగారు కాళ్ళు మార్చుకుంటున్నాడు. నేను ఎడమకంటి నీళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయాను. ఎడమకన్ను సంగతి సరే. కాసేపటికి కుడికన్ను కూడా కారుతోంది. ఆ కన్ను నా చేతిలోనే ఉంది.

చివరికి తల్లే భర్త చెయ్యి పట్టుకుని లేపింది. మూత దించాను. మొదటి స్క్రూ సగంలోనే ఇరుక్కుంది. రంధ్రం వంకర. రెండోదీ అంతే.

"ఇలా ఇవ్వు" అన్నాడు డ్రైవరు. స్క్రూడ్రైవరు తీసుకుని, ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తిప్పి, తొందరపడకుండా బిగించాడు. ఒకటి తల్లి బిగించింది. నా వంకర రంధ్రాల పుణ్యమా అని ఆ పని అంతసేపు పట్టింది. పాస్టరుగారు మూడో పాటలో ఉన్నారు. గొంతు చిరిగిపోతోంది.

అంతా అయ్యాక ఆయన నన్ను పక్కకి లాగారు. "బ్రదర్, ఇదేం అన్యాయమయ్యా! ఎన్నిసార్లు గీటుతావు? నాకొచ్చిన పాటలన్నీ అయిపోయాయి."

"ముఖం చచ్చుబడింది పాస్టరుగారూ."

ఆయన నా ముఖంలోకి తేరిపార చూశారు. "అయ్యో, నేను స్క్రూలనుకున్నాను కదయ్యా" అన్నారు బొంగురుగా.

డాక్టరు చెప్పినట్టే కొన్ని వారాల్లో నా ముఖం నాకు తిరిగొచ్చింది. మళ్ళీ పరదా వెనకే నా చోటు అనుకున్నాను. గంట మోగితే అద్దం ముందుకి వెళ్ళి మూడో నంబరు వేసి చూశాను. అన్ని కండరాలూ పనిచేస్తున్నాయి. నాకే నవ్వొచ్చింది. అద్దం మా బామ్మర్దికి ఇచ్చేశాను. వాడు దాని ముందు తల దువ్వుకుంటున్నాడు. ఇప్పుడు వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడుగుతాను, ఎలా పడుకునేవారు అని. పక్కకి తిరిగి, అంటారు కొందరు. చెయ్యి బుగ్గ కింద పెట్టుకుని, అంటారు. చెబుతూ చెబుతూ ఏడుస్తారు. ఏ రెండు పెట్టెలూ ఒక్కలా ఉండటం లేదని బామ్మర్ది గొణుగుతాడు.

ఒకరోజు డ్రైవరు భార్యతో కలిసి వచ్చాడు. చేతిలో కొత్త దిండు.

"మీ దిండు మాకిచ్చారు కదా. ఈవిడ కుట్టింది" అన్నాడు. "ముఖం బాగుపడిందే!"

"బాగుపడిందన్నా."

"కన్ను కొట్టడం మానేశారన్నమాట" అన్నాడు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను అడగలేదు.

దిండు ఉడుత కొలతకి కుట్టింది ఆవిడ. ఆ చేతులకి వేరే కొలత తెలియదు. మరీ ఎత్తు. దాని మీద పడుకుంటే గడ్డం ఛాతీకి ఆనుతుంది. రోజూ పొద్దున లేచేసరికి మెడ పట్టేస్తోంది. మార్చమని నా భార్య పోరుతోంది. నేను మార్చను. ఈ బాధకి అర్థమేమిటని ప్రభువుని అడగలేదు కూడా. దిండు ఎత్తు, అంతే.